అక్కడ కూడా నన్ను అక్కా అనే పిలిచారు

స్వప్నా,

ఎట్లున్నవే? నువ్వు లేకుండా మన లాల్‌దర్వాజాలో రెండుసార్లు బోనాలు అయిపోయాయి. మొదటిసారి తలుపు వేసుకుని లోపలే కూర్చున్నాను. రెండోసారి అసలు ఊళ్ళోనే లేను. శ్రీలంకలో ఉన్నాను. నవ్వుతున్నావా? చార్మినార్ దాటి బస్సెక్కాలంటే పదిసార్లు ఆలోచించే మీ అక్క... విమానం ఎక్కింది.

నువ్వు పోయాక గల్లీలో నడవడం నా వల్ల కాలేదే. వచ్చేపోయే ప్రతివాళ్ళనూ ఆపి, "ఎట్లున్నవ్? తిన్నవా?" అని అడిగేదానివి కదా. ఇప్పుడు వాళ్ళంతా నన్ను ఆపుతున్నారు. పాలాయన, ఇస్త్రీ ఆయన, పూలమ్మే ముసలమ్మ... అందరూ నీ గురించే. వాళ్ళకు ఏం చెప్పను?

నీకు మాటలు నేర్పిన టీచరమ్మ ఒకరోజు ఫోన్ చేసింది. శ్రీలంకలో కొండల మధ్య ఒక బడి ఉందట. నీలాగే డౌన్ సిండ్రోమ్‌తో పుట్టిన పిల్లలూ, చూపు లేని పిల్లలూ, ఏ ఇబ్బందీ లేని పిల్లలూ అందరూ ఒకే తరగతిలో చదువుకుంటారట. కొన్ని నెలలు సాయానికి వెళ్తావా అని అడిగింది. నేను వద్దన్నాను. అమ్మే వినలేదు. "పో బిడ్డా. ఇంట్ల గిట్లనే కూసుంటే నీకు పిచ్చి లేస్తది. గా పిల్లలను చూసి రా" అంది.

నిజం చెప్పనా? పిల్లల కోసం వెళ్ళలేదు. నేను స్వప్న వాళ్ళ అక్కనని ఎవరికీ తెలియని చోటు కావాలనిపించి వెళ్ళాను.

మొదటి రోజు పొద్దున బడి వరండాలో చెప్పులు విప్పుతున్నాను. వెనక నుంచి ఎవరో నా కొంగు పట్టుకుని లాగారు.

"అక్కా."

సింహళంలో కూడా అక్కను అక్కా అనే అంటారని నాకేం తెలుసు? తిరిగి చూశాను. నీ కళ్ళే. నీలాగే పొట్టి పొట్టి వేళ్ళు. పేరు నెత్మి. మూడో తరగతి. నేను చెయ్యి విడిపించుకుని వంటగది వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అంత దూరం పోయినా నువ్వు నాకంటే ముందే వచ్చి కూర్చున్నావా?

ఆ తరగతి నువ్వు చూడాల్సింది. నెత్మి ఒక మాట పలకడానికి ఎంతసేపు పట్టినా పిల్లలంతా ఎదురుచూస్తారు. ఆమె బదులు ఎవరూ జవాబు చెప్పరు. పక్కనున్న పిల్ల తన పెన్సిల్ చెక్కుకుంటూ ఉంటుంది, అంతే. జాలి చూపడమూ లేదు, గొప్ప చేయడమూ లేదు.

నాకు కోపం వచ్చింది స్వప్నా. ఆ పిల్ల మీద కాదు... ఎవరి మీదో. నిన్ను బళ్ళో వెయ్యడానికి బాపు తీసుకెళ్ళిన రోజు నాకు బాగా గుర్తు. మిగతా తల్లిదండ్రులు ఒప్పుకోరని పెద్ద మేడమ్ గుమ్మంలో నిలబెట్టే పంపేసింది. నువ్వు నా పాత యూనిఫాం తొడుక్కుని రోజూ గడప మీద కూర్చునేదానివి. "నేను గూడ వస్త. నాది గూడ ఇస్కూలే" అనేదానివి. నేను బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయేదాన్ని. చిన్నదాన్ని, ఏం చెయ్యగలను?

ఒకరోజు ఆటల గంటలో నెత్మి పరుగెత్తి వచ్చి నేల మీద చతికిలబడింది. చలికేమో అని అందరూ దుప్పటి కప్పబోయారు. నేను ఆ పెదవులు చూశాను. నీలంగా ఉన్నాయి. ఆ రంగు నాకు తెలుసు కదా... వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలని పట్టుబట్టాను. కబురు విని పరుగెత్తుకొచ్చిన వాళ్ళమ్మ నా చెయ్యి వదల్లేదు. నేనూ వెంట వెళ్ళాను.

గుండెకు ఆపరేషన్ చెయ్యాలన్నారు.

ఆ రోజు థియేటర్ బయట బెంచీ మీద నేనూ వాళ్ళమ్మా కూర్చున్నాం. ఆమె మాట నాకు రాదు, నా మాట ఆమెకు రాదు. లేచి పారిపోవాలనిపించింది. నిన్ను తీసుకెళ్ళినప్పుడు పెద్ద డాక్టరు తల అడ్డంగా ఊపాడే... చిన్నప్పుడే చేయించాల్సింది, ఇక ఆలస్యమైపోయింది అన్నాడే... ఆ తలుపు తెరుచుకుంటే ఇక్కడ కూడా అదే మాట వినాలా అని భయం. అయినా కూర్చున్నాను. ఆమె ఒంటరిది. ఎట్లా లేస్తాను?

నెత్మి బతికింది స్వప్నా.

కొన్ని వారాలకు బడికి వచ్చింది. తరగతంతా బల్లలు బాదుతూ ఒకటే కేకలు. నెత్మి రెండు చేతులతో చెవులు మూసుకుంది. నువ్వయితే నడుం మీద చేతులు పెట్టుకుని, "లొల్లి వద్దు! మా అక్క సదువుకుంటుంది!" అని అరిచేదానివి. అందరూ నవ్వుతున్నారు. నేనూ నవ్వాను. తర్వాత బయటికొచ్చి ఏడ్చాను. ఆ పిల్ల బతికినందుకు ఎంత సంతోషమో... కానీ నువ్వెందుకు కాదు? నీకా వైద్యం వేళకెందుకు దొరకలేదు?



తిరిగొచ్చాక ఊరికే కూర్చోలేకపోయాను. పురానాపూల్ దగ్గర ఒక చిన్న బడి ఉంది. అక్కడి పెద్దమేడమ్ దగ్గరికి రోజుల తరబడి తిరిగాను. మాటలు రాని పిల్లల్నీ, నీలాంటి పిల్లల్నీ మిగతావాళ్ళ మధ్యే కూర్చోబెట్టుకుందాం, పక్కన నేనుంటాను అన్నాను. చివరికి ఒప్పుకుంది. మొదట మొఘల్‌పురా నుంచి ఆయేషా అనే పాప వస్తోంది. నిన్న వాళ్ళమ్మ నన్ను పక్కకు పిలిచి మెల్లగా అడిగింది. "మేడమ్, మా బిడ్డ అందరితోని కూసుంటదా? ఎవ్వరన్న ఏమన్న అంటరా?"

కూర్చుంటుంది అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నీకు ఒక్క మాట ఇస్తున్నాను. ఆయేషాలో నిన్ను వెతకను. నీకు దక్కనిది ఆమెకు దక్కిందని లెక్క వేసుకోను. ఆమె ఆయేషాగానే పెరుగుతుంది. నువ్వు మాత్రం నాకు స్వప్నవే... ఇంకెవరిలోనూ లేవు, ఎవరూ నువ్వు కాలేరు. అది ఒప్పుకోవడానికే ఇంత కాలం పట్టిందే.

అమ్మ పిలుస్తోంది. వెళ్ళొస్తాను.

నీ అక్క