బావ నాలుగు పందాలు

నోర్బీన్, మే నెల

ప్రియమైన బావకి,

ఇందుమూలముగా సిల్యాన్ సరస్సు ఒడ్డున కాపురముండు సమస్త జనులకు తెలియజేయునది ఏమనగా: మా బావ సిక్స్టెన్ గారి పొట్ట, ఇన్నేళ్ళూ బెల్టు మీద నిరాటంకముగా కొలువుదీరినదై, నేటినుండి పదవీచ్యుతమైనది. కావున కాఫీ కొట్టులో దాల్చినచెక్క బన్నులు ఇకపై ఇతరులకు కూడా మిగులును. ఆవిరిగదిలో పై బల్ల మీద ముగ్గురు కూర్చొనవచ్చును.

ఫోన్లో అయితే నేను రెండో మాట అనేలోపే పెట్టేస్తావు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. నువ్వేమో ఉత్తరాన గనిలో ఉన్నావు, అక్కడ ఎలుగుబంట్లు తప్ప నిన్ను వెక్కిరించేవాళ్ళు లేరు. ఆ లోటు నేను తీరుస్తాను.

మా చెల్లెలి షరతు మరిచిపోతావేమోనని మళ్ళీ రాస్తున్నాను. యోర్డిస్ నాతో అన్న మాటలివి: "ఆ మనిషి ఏదీ చివరిదాకా చెయ్యడన్నయ్యా. పడవ మొదలెట్టాడు, సగం పడవ. వరండా మొదలెట్టాడు, సగం వరండా. విడాకుల కాగితాల మీద కూడా సగం సంతకమే పెట్టాడు, లాయరు వెనక్కి పంపి మళ్ళీ పెట్టించాడు. సైకిలు, ఈత, పరుగు, స్కీ, ఈ నాలుగు పందాలూ ఒక్క ఏడాదిలో పూర్తిచెయ్యమను. నాలుగు పతకాలూ పట్టుకొచ్చి నా గుమ్మంలో నిలబడమను. పెట్టె సర్దుకుని వెంట వచ్చేస్తాను. ఈలోగా ఒక్కసారి ఫోన్ చేసినా, కార్డు ముక్క రాసినా సరే, అంతా రద్దు."

విన్నావుగా. వారం వారం ఎన్ని కిలోమీటర్లు తొక్కావో, ఎంత ఈదావో నాకు రాసి పంపు. కాఫీ కొట్టులో అందరికీ చదివి వినిపిస్తాను. నువ్వు ఏ వారం మానేస్తావో అని బన్నులు పందెం కాసుకున్నారు. అందరూ రెండో వారమే అంటున్నారు. నేను మొదటి వారం మీద కాశాను.

నీ బావమరిది,
బోర్యే

*

నోర్బీన్, జులై

బావా,

బన్నులు పోయాయి నావి.

సైకిలు పందెంలో నువ్వు పెద్ద సరస్సు చుట్టూ తిరిగొచ్చావని ఇక్కడ ఎవరూ నమ్మలేదు. రైలెక్కి వచ్చాడన్నారు. పతకం ఫొటో చూపిస్తే మా గున్‌బోర్గ్ పిన్ని కళ్ళజోడు పెట్టుకుని చూసి, "పతకం సరే, ఈ సన్నపు మనిషి ఎవర్రా?" అంది.

కానీ ఈతకి నేను స్వయంగా వచ్చాను కదా. నీకు మోకాలి లోతు నీళ్ళంటేనే భయం. ఆ నదేమో మంచు కరిగిన నది. వంతెన మీద నిలబడి నేను అరిచినవన్నీ నీకు వినపడ్డాయో లేదో.

"బావా, నువ్వు ఎదురు ఈదుతున్నావు! నది అటు పోతోంది!"

"నోరుముయ్యరా!"

"ఒడ్డుకొచ్చెయ్! పడవలో వాళ్ళ దగ్గర కంబళి ఉంది, వేడి కాఫీ ఉంది!"

పడవలో అమ్మాయి నీ పక్కకి వచ్చి చెయ్యి చాపింది. నీ పెదాలు నల్లబడ్డాయి. "ఎక్కుతారా అండీ?" అనడిగింది. నువ్వు ఏమన్నావో తెలుసా? "మా ఆవిడ ఎదురుచూస్తోందమ్మా" అన్నావు. వంతెన మీద జనమంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నాకు మంట పుట్టింది.

ఇంక చాలు బావా. రెండు పతకాలు గోడకి తగిలించుకో. గుండె నొప్పి అని చెప్పు, నేను సాక్ష్యం చెబుతాను. ఆడదాని మాట పట్టుకుని ఈ వయసులో ఏమిటిది?

బోర్యే

*

నోర్బీన్, ఫిబ్రవరి

బావా,

సెప్టెంబరులోనే పరుగు కూడా అయిపోయిందట, ఇన్నాళ్ళూ నేనే రాయలేదు. మోకాలు వాచి చివరి కొండ చేతులతో పాకావట. చదివి వినిపిస్తే కాఫీ కొట్టులో ఒక్కడూ నవ్వలేదు. గున్‌బోర్గ్ పిన్ని నీకు ఉన్ని మేజోళ్ళు అల్లుతోంది. నీ మూలంగా ఊళ్ళో నా హాస్యం చెడిపోయింది.

ఇక స్కీ పందెం ఒక్కటే. రోజంతా మంచులో, తొంభై కిలోమీటర్లు. గనిలోనుంచి వచ్చి అలిసిపోయి ఉంటావు, నా ఇంట్లో దిగు. తెల్లవారితే పందెమనగా స్కీలు జారేందుకు అడుగున మైనం నేను రాసి పెడతాను. ఇక్కడ ఎవరి స్కీలకి వాళ్ళే రాసుకుంటారు, పెళ్ళాన్ని కూడా ముట్టుకోనివ్వరు, నాకూ తెలుసు. కానీ ఈ సరస్సు మంచు నాకు తెలిసినట్టు నీకు తెలియదు. నన్ను నమ్ము.

బోర్యే

*

నోర్బీన్, మార్చి

బావా,

నువ్వు మంగలి దగ్గరికి వెళ్ళావు. చెల్లికి జుట్టు పొట్టిగా ఉంటేనే ఇష్టమని ఇందాకే అన్నావు. నువ్వు వచ్చేలోపు ఈ కాగితం నీ కాఫీ కప్పు కింద పెట్టి మంచు తోసే బండి తీసుకుని పోతాను. రోడ్ల మీద మంచు ఉంది, నాకు పని ఉంది.

ముందు మైనం సంగతి. అంత చలిలో నీలం మైనం రాయాలని ఇక్కడ బడికి పోని పిల్లకి కూడా తెలుసు. నేను వాన తడి మంచుకి రాసే ఎర్ర జిగురు రాశాను. డబ్బా మారలేదు. చూసే రాశాను. మొదటి కొండ ఎక్కేసరికి నీ స్కీల కింద మంచు ముద్దలు కట్టి, మేకులేసి బిగించినట్టు నిలబడిపోయావని నువ్వే రాత్రి భోజనాల దగ్గర చెప్పావు, నవ్వుతూ.

దారిలో వేడి బ్లూబెర్రీ రసం ఇచ్చే చోట మైనం గీకే కుర్రాడు నీ స్కీలు తిరగేసి, "ఎవరు రాశారండీ ఇది? మీకు శత్రువులున్నారా?" అన్నాడట.

"లేరయ్యా. మా బావమరిది రాశాడు."

"అదే అడుగుతున్నానండీ."

ఆ మాటకి నువ్వు పొట్ట పట్టుకుని నవ్వావు. "పాపం, తొందరలో డబ్బా మారుంటుందిరా" అని నా వీపు తట్టి, నా పళ్ళెంలో ఇంకో బంగాళాదుంప వేశావు.

గమ్యం దగ్గర నేను నిలబడింది నిన్ను ఎత్తుకోడానికి కాదు. గడువు కాగానే తాడు కట్టి దారి మూసేసే మనిషి పక్కన నిలబడ్డాను. "ఇంకెవరూ లేరు, కట్టెయ్" అని వాడికి రెండుసార్లు చెప్పాను. వాడు లేచి తాడు అందుకున్నాడు కూడా. అప్పుడు మలుపులో నువ్వు కనపడ్డావు, కనుబొమల మీద మంచు గడ్డకట్టి, మొహమంతా పళ్ళే. నా జన్మలో అంత అసహ్యమైన దృశ్యం చూడలేదు.

ఎందుకు చేశానంటే, నువ్వు ఓడిపోవాలి కాబట్టి. ఓడిపోతే మామూలుగా తిట్టుకుని గనికి వెళ్ళిపోయేవాడివి, ఏ గుమ్మమూ ఎక్కేవాడివి కాదు.

రేపు నాలుగు పతకాలూ మెళ్ళో వేసుకుని చెల్లి ఉండే ఊరికి కార్ల్‌స్టాడ్ రైలెక్కుతానన్నావు. ఎక్కకు. అక్కడ తలుపు తీసేవాడు బెంగ్ట్-ఓకె అని, పళ్ళు కట్టేవాడు. మంచివాడే. అక్టోబరులో చెల్లికీ వాడికీ పెళ్ళయింది. సాక్షి సంతకం నాదే. నువ్వు అప్పటికి మోకాలికి కట్టు కట్టుకుని గనిలో ఉన్నావు.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపేస్తే నువ్వు చెల్లిని తిట్టుకుంటావు, మాట ఇచ్చి తప్పిందని. నేను నీకు మంచివాడిగానే మిగులుతాను. ఇద్దరం కూర్చుని దాన్ని తిట్టుకుంటూ ఆవిరిగదిలో ముసలివాళ్ళమైపోవచ్చు. చాలాసేపు ఆలోచించాను, బాగానే ఉంటుందనిపించింది.

కానీ అది మాట తప్పలేదు బావా. మాటే ఇవ్వలేదు. పోయిన ఏప్రిల్ ఆఖరున వసంతం వచ్చిందని ఊరంతా మంటలు వేసుకుని పాడుకుంటుంటే, నువ్వు ఆవిరిగదిలో కూర్చుని అది వెళ్ళిపోయిందని ఏడుస్తున్నావు. మూడు రోజులుగా అదే ఏడుపు. నాకు విసుగొచ్చింది. నోటికొచ్చింది చెప్పాను. సగం పడవ, సగం వరండా, సర్దుకునే పెట్టె, ఫోన్ చేస్తే రద్దు, అన్నీ అక్కడికక్కడ పుట్టించినవే. యోర్డిస్ ఆ షరతు పెట్టలేదు. ఆ ఏడాదంతా అది నా దగ్గర నీ పేరే ఎత్తలేదు.

బోర్యే