ఇల్లు లేనట్టు రుజువు

బేతంచెర్ల,
7 మే 2007.

నిరాశ్రయ సహాయ విభాగం సూపరింటెండెంటు గారికి, డోన్.

అయ్యా, నమస్కారం.

నా పేరు వెంకటేశ్వరమ్మ. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇక్కడ మూతపడిన ఒక నాపరాళ్ళ పాలిష్ షెడ్డులో, మా చిన్న సేవాసంఘం తరఫున ఇల్లూ వాకిలీ లేని పదహారు మందిని చూసుకుంటున్నాను. గనుల్లో రాయి కొట్టి కొట్టి చివరికి దగ్గు మాత్రం మిగిలినవాళ్ళు కొందరు. రైల్లో తీసుకొచ్చి, స్టేషన్లో కూర్చోబెట్టి, నీళ్ళు తెస్తామని చెప్పి అయినవాళ్ళు వెళ్ళిపోయిన ముసలమ్మలు కొందరు. షెడ్డు రేకులు తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. వానలు ముదిరేలోగా కొత్తవి వేయాలి. నిరాశ్రయుల వసతికి మీరు గ్రాంటు ఇస్తారని పేపర్లో చదివి, ఫారం నింపి దీనితో పంపుతున్నాను.

ఇట్లు,
వెంకటేశ్వరమ్మ

తా.క.: పోయిన వానాకాలం పదహారు మందికి ఏడు గొడుగులతో నెట్టుకొచ్చాం. గొడుగు పట్టినవాళ్ళకు దగ్గొస్తే పక్కనున్న ఇద్దరూ తడుస్తారు.


డోన్,
21 మే 2007.

శ్రీమతి వెంకటేశ్వరమ్మ గారికి,

విషయం: గ్రాంటు దరఖాస్తులోని లోపాల గురించి.

మీ దరఖాస్తు అందినది. పరిశీలించగా, పదహారు మంది లబ్ధిదారుల పేర్ల ఎదుట ‘శాశ్వత చిరునామా’ గడి ఖాళీగా ఉన్నట్లు గుర్తించడమైనది. ఖాళీ గడులున్న దరఖాస్తులు స్వీకరించబడవు. ఒక్కొక్కరి ఇంటి నంబరు, రేషన్ కార్డు నకలు, ఇంటి ముందు నిలబడి తీయించుకున్న ఫోటో వెంటనే పంపవలెను.

భవదీయుడు,
జి. రాఘవేంద్రప్రసాద్, సూపరింటెండెంటు

తా.క.: ఫోటోలో ఇల్లు పూర్తిగా కనిపించవలెను. లబ్ధిదారు కొంత తెగిపోయినా అభ్యంతరం లేదు.


బేతంచెర్ల,
28 మే 2007.

సూపరింటెండెంటు గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందరికీ చదివి వినిపించాను. మా ఏసన్న నలభై ఏళ్ళు గనిలో పనిచేసిన మనిషి. అంతా విని, “నాకు ఇల్లే ఉంటే నేనీడ ఎందుకుంటాను టీచరమ్మా? ఆ సారు ఇల్లు యాడుండాదో చెప్తే, పోయి దాని ముందర నిలబడతా” అన్నాడు. వద్దని నేనే ఆపాను.

అబద్ధం రాయడం నాకు చేతకాదు. అందుకని గడుల్లో ఉన్నదే రాశాను. ఏసన్నకు: రెండో ప్లాట్‌ఫారం, మూడో సిమెంటు బెంచీ. చెన్నమ్మకు: మహానంది గుడి బయట, చెప్పుల స్టాండు వెనక. మిగిలినవాళ్ళు గుర్తులు కూడా చెప్పలేకపోయారు. వాళ్ళకు మా షెడ్డు చిరునామాయే వేశాను. రేషన్ కార్డులు ఎవరికీ లేవు. అందరినీ షెడ్డు ముందు నిలబెట్టి ఒకటి, లోపల కూర్చోబెట్టి ఒకటి ఫోటోలు తీయించాను.

ఇట్లు,
వెంకటేశ్వరమ్మ

తా.క.: లోపల తీసిన ఫోటోలో పైన తెల్లటి చుక్కలున్నాయి. కెమెరా తప్పు కాదు. అది ఆకాశం.


డోన్,
11 జూన్ 2007.

శ్రీమతి వెంకటేశ్వరమ్మ గారికి,

మీరు పంపిన ఫోటోలు నిశితంగా పరిశీలించడమైనది. పదహారు మందీ ఒక భవనం ముందు నిలబడి ఉన్నారు. ఆ భవనానికి చిరునామా కలదు. కావున వారికి నివాసం ఉన్నట్లే. నివాసం ఉన్నవారు నిరాశ్రయులు కారు. నిరాశ్రయులు లేని సంస్థకు నిరాశ్రయుల గ్రాంటు ఇచ్చుటకు నిబంధనలు ఒప్పుకొనవు.

అయితే, సదరు వ్యక్తులు మూడు రోజులు ఏ నివాసమూ లేకుండా ఉండగా ఈ కార్యాలయపు అధికారి కళ్ళారా చూసినచో, దరఖాస్తు తిరిగి పరిశీలించబడును.

భవదీయుడు,
జి. రాఘవేంద్రప్రసాద్

తా.క.: తనిఖీకి జీపు కలదు. డ్రైవరు కలడు. టైర్లు లేవు.


బేతంచెర్ల,
14 జూన్ 2007.

సూపరింటెండెంటు గారికి,

ఈ ఉత్తరం మీకు చెన్నమ్మ చేతికిస్తుంది. ఆమె వెనక నిలబడ్డవాళ్ళు మిగతా పదిహేను మంది.

ఇది నా ఆలోచన కాదు. మంగళవారం పెద్ద వాన పడింది. మా ముసలి కంబన్న చాప తడిసి, తెల్లారేసరికి ఆయన ఒళ్ళు కాలిపోతోంది. అదే రోజు మీ ఉత్తరం వచ్చింది. చెన్నమ్మ విని లేచి నిలబడింది. “సారు బండికి టైర్లు లేకపోతేనేమమ్మా, మనకు కాళ్ళుండాయి కదా! డోన్ ఏమన్నా శానా దూరమా? ఆయన కండ్ల ముందరే మూడు దినాలు కూచ్చుంటాం. సూసుకోనీ” అంది. ఆమెకు ఎదురుచెప్పినవాళ్ళు మా షెడ్డులో లేరు, నాతో సహా.

వాళ్ళు రైలుకు మూటలు కట్టుకుంటుంటే ఇది రాస్తున్నాను. తమకు ఏమీ లేదని చూపించుకోవడానికి మనుషులను పంపడం నా బతుకులో ఇదే మొదలు.

ఇట్లు,
వెంకటేశ్వరమ్మ

తా.క.: కంబన్నకు పూటకోసారి వేడినీళ్ళు ఇప్పించండి. ఏసన్న పాడుతుంటే మధ్యలో ఆపకండి. ఆపితే మళ్ళీ మొదటినుంచి పాడతాడు.


డోన్,
27 జూన్ 2007.

అమ్మా, నమస్కారం.

ఇది ఆఫీసు ఉత్తరం కాదు, నా సొంత ఉత్తరం. మీవాళ్ళు మూడు రోజులు మా వరండాలో ఉన్నారు. కళ్ళారా చూశాను. మొదటి రోజు ఫైలు చాటున కూర్చుని చూశాను. రెండో రోజు మా ఆవిడ శ్రీదేవి గంజి కాచి పంపింది, చాపలు పరిపించింది. కంబన్న నా చెయ్యి పట్టుకుని, “నువ్వు తిన్యావాప్పా?” అని అడిగాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో మా ఆఫీసులో నన్ను ఆ మాట అడిగినవాళ్ళు లేరమ్మా. ఆ పూటే అందరూ నిరాశ్రయులేనని రాసి సంతకం పెట్టాను.

మూడో రోజు హైదరాబాదు నుంచి పెద్దల బృందం వచ్చింది. వరండాలో పదహారు మంది, చాపలు, గంజి చూసి ఇదే ఆశ్రయం అనుకున్నారు. నిజం చెప్పబోయాను. ఏసన్న పాట అందుకున్నాడు. పాట అయ్యేసరికి బృందం నా భుజం తట్టి, గ్రాంటు మా భవనానికే మంజూరు చేసి వెళ్ళిపోయింది.

ఇప్పుడు భవనమంతా ఆశ్రయం కావాలట. రంగులు వేసి ప్రారంభోత్సవం జరిగేదాకా నిరాశ్రయులు లోపలికి రాకూడదట. ఆఫీసు వారంలో ఖాళీ చేయాలట. సర్కారు ఇచ్చే అద్దెకు డోన్‌లో పశువుల కొట్టం కూడా దొరకడం లేదు. మీ షెడ్డు ఇస్తారా? ఆఫీసు అంటే రేకుల నిధులు ఒక్క రోజులో వస్తాయి.

మీ,
రాఘవేంద్రప్రసాద్

తా.క.: కొత్త ఆశ్రయంలోకి ఇల్లు లేనివాళ్ళెవరూ జొరబడకుండా ఇద్దరు కాపలావాళ్ళను పెట్టారు.


బేతంచెర్ల,
9 జూలై 2007.

రాఘవేంద్రప్రసాద్‌కు ఆశీస్సులు.

వచ్చే సోమవారం మీరు ఇక్కడ చేరుతున్నారని తెలిసి ముందుగా రాస్తున్నాను. రేకులు రెండు రోజుల్లో వేసేశారు. మనుషులు తడుస్తారని ఏడాదిగా మొత్తుకున్నా రాని మేస్త్రి, ఫైళ్ళు తడుస్తాయనగానే పరిగెత్తుకొచ్చాడు.

శుక్రవారం లారీలో ఫైళ్ళొచ్చాయి. డోన్‌లోనే ఉండిపోయిన మా పదహారు మందీ వాటి మీద కూర్చుని వచ్చి దిగారు. మీ అటెండరు దావీదురాజు గుమ్మంలో అడ్డం నిలబడి, “ఇది ఆఫీసమ్మా. బయటోళ్ళు ఉండకూడదు” అన్నాడు. అతను మాట్లాడుతూనే గోడకు ఒక బోర్డు కొట్టాడు. ‘అర్జీదారులు జవాబు వచ్చువరకు ఇచ్చట వేచియుండవలెను’ అని ఉంది.

“ఎన్నాళ్ళు వేచి ఉండొచ్చు నాయనా?” అని అడిగాను.

“దానికి రూలేం ల్యాదమ్మా.”

ఆ మధ్యాహ్నమే పదహారు మందీ తలా ఒక అర్జీ పెట్టి, రసీదు తీసుకున్నారు. అప్పటినుంచి వరుస తప్పకుండా, చాపల మీద వేచి ఉన్నారు. నిన్న కుండపోత. ఒక్క చుక్క లోపల పడలేదు. కంబన్న మధ్యాహ్నం కూడా నిద్రపోయాడు.

ఇట్లు,
వెంకటేశ్వరమ్మ

తా.క.: అర్జీలకు జవాబులు రాయడంలో దయచేసి తొందరపడవద్దు.