నీడ గీతల వాలు

డెబ్బై ఎనిమిదేళ్ళ వయసులో, పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేయడం తప్ప మరో వృత్తి ఎరగని నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ సలహా లేకుండా, ఎవరినీ నమ్మకుండా ఈ వీలునామా రాస్తున్నాను. బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరుగారి చేత విడిగా కాగితం రాయించి దీనికి జతపరిచాను. ఆయన నన్ను వందలోంచి ఏడేసి తీసుకుంటూ పొమ్మన్నారు. రెండు దాకా వెళ్ళి, ఇంకా కిందికి దిగాలా అని అడిగాను.

ఇంతకుముందు రాసినవన్నీ దీనితో రద్దు. ముఖ్యంగా పోయిన ఆగస్టులో రాసినది. అందులో నా కొడుకు ఊసే లేదు. అప్పుడు ఎందుకు లేదో, ఇప్పుడు ఎందుకు వచ్చిందో ఆరో అంశంలో ఉంది. ఎవరూ ముందే అక్కడికి గెంతవద్దు.

1. దీన్ని అమలు చేసే బాధ్యత మా కింది వీధి న్యాయవాదికి అప్పగిస్తున్నాను. ఆమె ఎనిమిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, నా పుస్తకంలో ఏనుగు తొండానికి మూడో పేజీలో పదకొండు ముడతలు, ఏడో పేజీలో తొమ్మిదే ఉన్నాయని నాకు ఉత్తరం రాసింది. ఇంతకన్నా అర్హత అక్కరలేదు.

2. నా స్వార్జితమైన ఇల్లు కొడుకుకూ కూతురికీ సమానంగా చెందాలి. ఆగస్టులో మొత్తం కూతురికే రాశాను. సగం తగ్గినందుకు అది నొచ్చుకోదని తెలుసు. "అమ్మా, పాలు విరిగినా నా మీదే అనుమానమా?" అని దెప్పుతుంటుంది. పాలు విరిగిన రోజు గిన్నె మూత తీసి మరిచిపోయింది అదే. అయినా మనసు మంచిది.

3. మా మేనమామ కుంచెలు ఏడూ నా మనవరాలికి, అంటే కూతురి కూతురికి. మేనమామ దుకాణాలకు బోర్డులు రాసేవాడు. నా మొదటి గురువు ఆయనే. "పరిగెత్తేవాడికి కూడా అర్థం కావాలే పిల్లా. ఆగి చూసేవాడికి ఇంకాస్త దొరకాలి" అనేవాడు. నా నూట నలభై మూడు పుస్తకాల్లో నేను చేసినది ఇంతే. మనవరాలు బొమ్మల కళాశాలలో కంప్యూటరు మీద గీస్తుంది. "అమ్మమ్మా, గీత తప్పితే ఒక్క నొక్కు నొక్కితే చాలు, వెనక్కి వచ్చేస్తుంది" అంటుంది. కుంచెకు ఆ వసతి లేదు. అందుకే ఇస్తున్నాను.

4. అట్ట ఊడిన నా జంతుశాస్త్ర పుస్తకం నా కొడుకుకు. అది నా రెండో గురువు. బడిలో పాత పుస్తకాలు పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. అందులో కప్ప దగ్గర నుంచి గబ్బిలం దాకా అన్నీ ఒట్టి సిరా గీతలే. నీడ అంటే నలుపు పులమడం కాదని, గీత పక్కన గీత, గీత పక్కన గీత పేర్చడమని ఆ పుస్తకంలోనే నేర్చుకున్నాను. బొమ్మ ఎవరు వేశారో చెప్పేది ముఖం కాదు, నీడ.

5. నా పెద్ద కత్తెర మా ఆడపడుచు దగ్గర ఉంది. దొంగిలించిందని అనను. తీసుకెళ్ళింది, ఇరవై రెండేళ్ళుగా తేలేదు. దాన్ని ఆమెకే ఇచ్చేస్తున్నాను. ఇకమీదట నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా దిండు కింద దాచే శ్రమ ఆమెకు ఎలాగూ ఉండదు.

6. మూడేళ్ళుగా నా కుడిచెయ్యి వణుకుతోంది. పిచ్చుక కాలు గీస్తే పీచు తాడులా వస్తోంది. అచ్చయిన పుస్తకంలో మాత్రం అదే కాలు నిటారుగా నిలబడుతోంది. ప్రచురణకర్తకు ఫోను చేశాను. "మీ చెయ్యి చెయ్యేనండీ అమ్మగారూ, వయసు దాన్ని తాకలేదు" అన్నాడు. పొగడ్త వినగానే నా అనుమానం గట్టిపడింది.

బొమ్మల కవరు ఇంటి నుంచి ఆయన ఆఫీసుకు మోసేది నా కొడుకు. బీమా కంపెనీలో ముప్పై ఏళ్ళుగా గుమాస్తా. "దారిలో ఎవరికైనా ఇస్తున్నావట్రా?" అని అడిగాను. "ఎవరికిస్తానమ్మా, బస్సు కండక్టరుకా?" అన్నాడు. ప్రశ్నకు ప్రశ్న బదులిచ్చేవాడు ఏదో దాస్తున్నట్టే. ఎవరో కుర్ర చిత్రకారుడి చేత చాటుగా దిద్దిస్తున్నాడని, ముసలిది పనికిరాదని పది మందికీ చెప్పుకుంటున్నాడని అనుకున్నాను. ఆగస్టు వీలునామా ఆ కోపంలో రాసినది.

కోపం దిగాక రుజువులు వెతికాను. రెండు బొమ్మలు కొడుక్కి చెప్పకుండా రిజిస్టరు పోస్టులో పంపాను. "అమ్మగారూ, ఇవి చిత్తు ప్రతులు అనుకుంటా, పొరపాటున వచ్చాయి" అని రాసి తిప్పి పంపారు. అంటే దిద్దేది ప్రచురణకర్త కాదు. మనవరాలు రెండు నెలలు హాస్టల్లో ఉన్నప్పుడు కూడా అచ్చులో గీతలు వణకలేదు. అంటే అదీ కాదు. కూతుర్ని అనుమానించే పని లేదు. అది గీసిన గుర్రాన్ని చూసి పక్కింటి మూడేళ్ళ పిల్ల "ఆవు" అంది.

అప్పుడు భూతద్దం తీసి అచ్చుబొమ్మలో నీడలు చూశాను. కుడిచేతితో గీసేవాళ్ళ నీడ గీతలు పైన కుడివైపు మొదలై కింద ఎడమకు వాలుతాయి. మణికట్టు అలాగే తిరుగుతుంది. యాభై ఒక్క ఏళ్ళుగా నావి అలాగే వాలాయి. ఈ మూడేళ్ళ నీడలన్నీ తిరగబడి ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నాయి. వేసినవాళ్ళది ఎడమచెయ్యి.

మా ఇంట్లో ఎడమచేతివాటం వాళ్ళు లేరని నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. రాసి, కలం ఆపాను. ఒకడు ఉండేవాడు. లేకుండా చేసింది నేనే.

నా కొడుకు ఆరేళ్ళప్పుడు ఎడమచేత్తో గోడ నిండా మేకలు గీసేవాడు. మంచి మేకలు. ఎడమచేత్తో రాస్తే బడిలో నవ్వుతారని వాడి ఎడమచేతిని రుమాలుతో కుర్చీకి కట్టి, కుడిచేత్తో అక్షరాలు దిద్దించాను. నాలుగు నెలలు. అక్షరం కుదిరింది. మేకలు ఆగిపోయాయి. ఆ తరవాత కుడిచేత్తో వాడు గీసినవి చూసి, వీడికి బొమ్మలు రావని తేల్చాను. నలభై ఎనిమిదేళ్ళుగా వచ్చిన ప్రతి చుట్టానికీ అదే చెప్పాను, వాడు పక్కన నిలబడి ఉండగానే.

వాడు ఆఫీసుకు వెళ్ళాక వాడి బీరువా వెతికాను. తల్లి కొడుకు బీరువా వెతకడం తప్పు కాదని నా అభిప్రాయం. న్యాయవాదికి మరో అభిప్రాయం ఉంటే ఉండనివ్వండి. కోడలు గుమ్మం దాకా వచ్చి, చూసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది. అంటే ఆమెకూ తెలుసు. బీమా ఫైళ్ళ కింద నా వణుకు బొమ్మలు నలభై ఒకటి ఉన్నాయి. ఒక్కొక్కటీ పల్చటి కాగితంలో చుట్టి, తేదీ వేసి ఉంది. ఒక్కటీ పారేయలేదు. వాటి అడుగున వాడి సాధన కాగితాలు. ఒకే పిచ్చుక కాలు, అరవై సార్లు.

వాడు నన్ను మోసం చేశాడు. ఇది ఇందులో స్పష్టంగా ఉండాలి. బాగా చేశాడు. ఇది కూడా ఉండాలి.

7. కనుక ఆ నలభై ఒక్క బొమ్మలు వాడివే. నా బల్ల, దీపం, సిరా సీసాలు వాడివే. ఈ మూడేళ్ళ పుస్తకాలు తిరిగి అచ్చువేసినప్పుడు బొమ్మల దగ్గర నా పేరు తీసి వాడి పేరు వేయాలి. ప్రచురణకర్త ఒప్పుకోకపోతే ఆ పుస్తకాల బొమ్మల మీద ఆయనకు నేనిచ్చిన హక్కు చెల్లదు. ఆయనకు ఒక సంగతి తెలియజేస్తున్నాను: ఈ మూడేళ్ళలో మీకు చేరిన నా అసలు బొమ్మలు, మీరు తిప్పి పంపిన ఆ రెండే.

8. ఈ వీలునామాను నేను పోయిన తరవాతే తెరవాలి. కవరు అంటించిన చోట అడ్డంగా ఒక గీత గీశాను. పై ముక్క, కింది ముక్క సరిగ్గా కలవకపోతే ఎవరో తెరిచినట్టు.

ముందే వాడికి చెప్పేయవచ్చు కదా అని న్యాయవాది అడిగింది. చెప్పను. నాకు తెలిసిందని తెలిస్తే వాడు సిగ్గుపడి మానేస్తాడు. నా కొడుకు సంగతి నాకు తెలుసు, ఒకసారి మానేశాడు. ఇప్పుడు చేతిలో ఉన్న పుస్తకానికి పదహారు బొమ్మలు కావాలి. ఆరు వెళ్ళాయి. రేపు పొద్దున ఏడోది కవరులో పెట్టి వాడి చేతికిస్తాను. అందులో చెట్టు ఉంది, చెట్టు కింద మేక ఉంది. నీడలు నేను వేయలేదు. ఎందుకు వేయలేదని వాడు అడగడు. నేను చెప్పను.

తేదీ: 2025 ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం పది గంటలు.

సంతకం: బొమ్మలమ్మ
(పుస్తకాల మీద యాభై ఒక్క ఏళ్ళుగా చేసిన సంతకమే ఇది.)

సాక్షులు, నేను సంతకం చేయడం కళ్ళారా చూసినవారు, లోపలిది చదవనివారు:
1. బొమ్మలకు ఫ్రేములు కట్టే ఆయన. చదవబోతే అట్ట అడ్డం పెట్టాను.
2. మేడ మీద అద్దెకుంటున్న పంతులమ్మ. అడగకుండానే కిటికీ వైపు తిరిగింది.