కదలని కనుబొమలు

ఫిబ్రవరి 22, ఆదివారం

చర్చి ఆరాధన ఇప్పుడు ఫోనులో కూడా వస్తోంది. భోజనాల దగ్గర మనవరాలు స్నేహ పెట్టింది — నానమ్మా, ఇదిగో నువ్వు, అంటూ. హార్మోనియం వెనక ఒకావిడ. కనుబొమల మధ్య రెండు నిలువు గీతలు. దేవుడు హోంవర్కు చెయ్యకుండా వచ్చినట్టు చూస్తోంది. నేనే.

ఆ కీర్తన నాకు ప్రాణం. వాయిస్తూ ఎంత సంతోషంగా ఉన్నానో నాకు తెలుసు. ముఖానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

కింద ఎవరో రాశారు — ఆంటీకి ఎందుకంత కోపం? దుబాయ్ నుంచట. అంత దూరం కనబడిందన్నమాట.

ఫిబ్రవరి 24, మంగళవారం

అద్దం ముందు పరీక్ష. కోపం లేనప్పుడూ గీతలు అక్కడే. ఏళ్ళ తరబడి లెక్కలు చెప్పినందుకు స్కూలు వాళ్ళు శాలువా కప్పారు. ఇవి కూడా వాళ్ళ కానుకే.

గీతలు పోయే వైద్యం ఉందని స్నేహ చెప్పింది. కోత లేదు, కుట్లు లేవు, సూదులేనట. గంటలో ఇంటికి. గీతలు మొదలవుతూనే వెళ్ళాలట, వయసులో ఉన్నవాళ్ళు. నేను కాస్త ఆలస్యం. మీ నాన్నకి చెప్పకు అన్నాను స్నేహతో. భయమా, అంది. భయం కాదు — వాడు ఉపన్యాసం మొదలుపెడతాడు, నా దగ్గర నేర్చుకున్నదే.

ఫిబ్రవరి 27, శుక్రవారం

బ్రాడీపేట. కింద కోచింగ్ సెంటరు, పైన చర్మం డాక్టరు. మెట్ల నిండా పిల్లల బ్యాగులు. డాక్టరు శైలజ నన్ను చూడగానే లేచి నిలబడింది. తొమ్మిదో తరగతిలో నేను బెంచీ ఎక్కించిన పిల్ల. ఇప్పుడు సూది దాని చేతిలో, పడుకున్నది నేను.

"ఒకసారి కోపంగా చూడండి మేడం, ఎక్కడ వెయ్యాలో గుర్తు పెట్టుకుంటాను."

చూశాను. చాలు మేడం, అంది వెంటనే.

కనుబొమల మధ్య ఒక్కటీ చాలంది. నుదుటికి కూడా వేస్తే కనుబొమలు పైకి లేవవట, మూడు నాలుగు నెలల దాకా. మొత్తం చెయ్యమన్నాను. సగం చేసిన లెక్కకి నేనేనాడూ మార్కులు వెయ్యలేదు.

మార్చి 2, సోమవారం

ఏమీ తేడా లేదు. శైలజ హోంవర్కు అప్పుడూ ఆలస్యమే.

మార్చి 5, గురువారం

అద్దంలో ఎవరో మంచావిడ. గీతలు లేవు. కూరగాయలావిడ నేను చూస్తూండగానే పుచ్చు వంకాయలు తూకంలో వేసింది. నా చూపు పని చెయ్యలేదు. నోటితో చెప్పాల్సి వచ్చింది. నోరు బాగానే ఉంది.

మార్చి 7, శనివారం

క్వయర్ ప్రాక్టీసు. మాది కాళ్ళతో తొక్కే హార్మోనియం. చేతులు రెండూ మెట్ల మీద, కాళ్ళు రెండూ కింద. ఖాళీగా ఉండేది ముఖం ఒక్కటే. కనుబొమలు ఎత్తితే ఆడవాళ్ళు అందుకోవాలి, ముడిస్తే మగవాళ్ళు తగ్గాలి. ఇన్నేళ్ళూ అంతే.

ఇవాళ రెండో చరణం దగ్గర ఎత్తాను. ఎత్తాననుకున్నాను. ఆడవాళ్ళు నా వంకే చూస్తున్నారు, ఎంతో మర్యాదగా, నోళ్ళు మూసుకుని. ముడిచాను — దేవదానం గారు ఇంకా పెంచారు. ఆర్టీసీలో కండక్టరు చేసిన గొంతు, చిలకలూరిపేట దాకా వినబడుతుంది.

"ఏంటి టీచరు గారూ, అలిగారా? మీ ముఖం ఏమీ చెప్పట్లేదు."

లెంటు దినాలు కదా, ఈస్టరు దాకా ఏదో ఒకటి మానుకునేవి. కోపం వదులుకున్నానని చెప్పొచ్చు.

మార్చి 8, ఆదివారం

మగవాళ్ళు ముందు చేరారు, ఆడవాళ్ళు తర్వాత వచ్చారు. ఆమెన్ రెండుసార్లు వచ్చింది. ఫోనులో నేను మాత్రం ఎంత ప్రశాంతంగా ఉన్నానో. ఆంటీ బాగున్నారు, అని రాశారు. పాట గురించి ఎవరూ రాయలేదు.

మార్చి 10, మంగళవారం

పాస్టరమ్మ రూత్ గారు వచ్చారు. ఈస్టరుకి కీబోర్డు అబ్బాయిని పెడదామన్నారు. చీమకుర్తి కుర్రాడు. మ్యూజిక్ అంతా ముందే రికార్డు చేసి ఉంటుందట, క్వయర్ దాని వెంట పోతే సరి. "మీకూ విశ్రాంతిగా ఉంటుంది కదండీ."

విశ్రాంతి. రిటైరైన రోజు కూడా ఇదే మాట.

ఈస్టరు ఒక్కటీ నాకు వదలమన్నాను. అప్పటికీ పాట కుదరకపోతే క్వయర్ నేనే వదిలేస్తానన్నాను. నోరు జారింది. వెనక్కి తీసుకోను.

మార్చి 11, బుధవారం

శైలజకి ఫోన్. విరుగుడు? లేదు మేడం. ఈస్టరుకి కాస్తయినా కదులుతుందా? అప్పటికి ఇంకా బాగా పట్టేస్తుంది మేడం.

పని శుభ్రంగా చేసింది పిల్ల. మార్కులు వెయ్యాల్సిందే.

మార్చి 14, శనివారం

తల ఊపాను — అందరూ ఆపేశారు. గడ్డం ఎత్తాను — పంటి నొప్పా అని అడిగారు. మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగింది, తుమ్మాను. ఆడవాళ్ళు సరిగ్గా అందుకున్నారు. ప్రతి చరణానికీ తుమ్మలేను కదా...

మార్చి 21, శనివారం

చెప్పేశాను అందరికీ. సూదుల సంగతి.

దేవదానం గారు — "అయితే ఇప్పుడు మా మీద కోపం లేదాండీ?"

ఉంది, కనబడదు, అన్నాను. అప్పుడు నవ్వారు.

ముందు నిలబడి చేతులతో చూపించమన్నది కూడా ఆయనే. మరి హార్మోనియం ఎవరు తొక్కుతారు? ఆడవాళ్ళ వరసలోంచి రూత్ గారు నెమ్మదిగా — ఒంగోలులో పుట్టింట వాయించేదాన్నండీ, అన్నారు. పాస్టరమ్మగా వచ్చి ఇన్నాళ్ళయింది, నాకు తెలియదు. నా కుర్చీ దగ్గరికి ఎవరూ రాలేదు కదా తెలియడానికి.

క్వయర్ నిలబెట్టుకోవాలంటే కుర్చీ దిగాలి. దిగాను.

మార్చి 29, మట్టల ఆదివారం

జొన్నచేలో పిట్టల్ని తోలుతున్నట్టు ఉన్నానట. స్నేహ మాట. పాట మాత్రం ముక్కలు కాలేదు.

ఏప్రిల్ 5, ఈస్టరు

తెల్లవారుజామున సమాధుల తోటలో ఆరాధన. హార్మోనియం ఆటోలో వచ్చింది. అరచెయ్యి కిందికి దించాను — దేవదానం గారి గొంతు దానితోపాటు దిగింది, మెత్తగా. అందరూ ఒక్కసారి అందుకున్నారు. కుర్చీలో కూర్చుంటే హార్మోనియం గాలితిత్తి చప్పుడే ఎక్కువ. ఇంత పాట వినలేదు నేను.

రూత్ గారు ఒకచోట నాకన్నా బాగా వాయించారు. ఒక్కచోటే.

కీబోర్డు అబ్బాయి మాట ఎవరూ ఎత్తలేదు.

ఏప్రిల్ 8, బుధవారం

రూత్ గారు మళ్ళీ వచ్చారు. మజ్జిగ తాగారు, ఎండల గురించి మాట్లాడారు. గ్లాసు పక్కన పెట్టి —

"జూన్‌కల్లా మీ కనుబొమలు వచ్చేస్తాయి కదండీ. అప్పుడు హార్మోనియం మళ్ళీ మీరే తీసుకుంటారా?"

రోజూ చర్చికి వెళ్ళి సాధన చేస్తున్నారట. ఆ మాట పాస్టరు గారు చెప్పారు, ఆవిడ కాదు.

ఆ కుర్చీ నాది. ముందు నిలబడే చోటు కూడా నాదే అనిపిస్తోంది ఈమధ్య. రెండూ కావాలంటే బాగుండదు... కావాలి మరి.

చూద్దాం లెండి, అన్నాను. ఔనో కాదో తేల్చుకుందామని ఆవిడ నా ముఖం వంక చూస్తూ కూర్చున్నారు. పాపం, చాలాసేపు —