రోడ్డు మీద ఎవరూ కూర్చోరు

బెంగళూరు,
అక్టోబర్ 2011

పద్మలతక్కా,

అవ్వ కర్మకు వచ్చి కూడా నీకు చెప్పలేకపోయిన మాట ఇది.

ఎదుట మనిషి కనబడితే కారును ఆపే సెన్సార్ ఎప్పుడు పొరపడుతుందో ముందే రాయడం నా ఉద్యోగం. ఎండాకాలంలో ఒక మీటింగులో, "పెద్దరోడ్డు నడుమ మనుషులు కూర్చుంటారా?" అని అడిగారు. మన రాస్తారోకోల గురించి చెబితే నవ్వుతారని, 'కూర్చోరు' అని రాసి సంతకం చేశాను. దాంతో కూర్చున్న మనుషుల పరీక్షే తీసేశారు.

స్టేషన్ ఘన్‌పూర్‌లో రోడ్డు మీదే వండి తిని నిరసన తెలిపే వంటావార్పులో అవ్వను గుద్దింది లారీ, మా కారు కాదు. కానీ ఆ పొద్దున ఫోన్‌లో అవ్వ, "తెలంగాణ కోసం రోడ్డు మీద జరసేపు కూసుంటే ఏమైతది కొడుకా?" అంటే నేనూ నవ్వాను.

ఇప్పుడు నేను రాసింది దిద్దమంటే, ఆధారం చూపించమంటున్నారు. చూపినా దిద్దుతారన్న ఆశ లేదు. అయినా, అవ్వ పొయ్యి ముందు రోడ్డు మీద కూర్చున్నప్పుడు తీసి పేపర్‌లో వేసిన ఫోటో నీ దగ్గరుంది కదా, అది పంపు.

నీ తమ్ముడు