అద్దం బల్లకు పట్టని స్టెయిన్

ఏమయ్యా, వాదీ కబీర్ ఏరియల ఉన్న స్కూల్ల డ్యూటీకి పోతున్న. నువ్వు నిన్న అద్దం బల్లకు పూసిన టేకు రంగు స్టెయిన్ ఇంకా జిగురుగనే ఉన్నది, నా చున్నీ అంటుకున్నది. పాత తెల్ల పెయింట్ పోయేదాక రుద్దకుండ దాని మీదనే పూస్తే ఎట్ల పట్టుకుంటది? థిన్నర్‌తోని తుడువు. సాండ్‌పేపర్‌తోని మంచిగ రుద్ది, గుడ్డతోని పల్చగ పూసి, ఒక రోజు ఆరనియ్యి.

ఇదంత నీకు తెల్వదా? పక్క ఫ్లాట్ రాజేశ్వరి టీవీ బల్లను రెండు శుక్రవారాలు, సెలవు రోజంత కూసొని రుద్దినవు. "అన్న చెయ్యి పడితే టేకు లెక్క అయింది" అని ఆమె బిల్డింగంత చెప్పుకుంటున్నది. మన బల్లకు పావుగంట దొరకలే.

కూర ఫ్రిజ్‌ల ఉన్నది.

వనజ

చాయ్ ఫ్లాస్కుల పోసిన. రాజేశ్వరి నీకిచ్చే చాయ్ కన్న ఒక చెంచా చక్కెర ఎక్కువనే వేసిన.