పాత ఫోన్ ఎవరికి?

గిలకలదిండి,
జూలై 8

ప్రియమైన శ్రీవారికి,

మీ సుమలత వందనాలు. ఎదురుగా ఉంటే ఏదో ఒకటి అని నన్ను నవ్విస్తారు, నా కోపం నీరుగారిపోతుంది. అందుకే కాగితం మీద రాసి మీరుండే గుడ్లవల్లేరుకి బస్సులో పంపుతున్నాను.

పెళ్లయిన తొమ్మిదేళ్లలో మీరు నాలుగు కొత్త ఫోన్లు కొన్నారు. ప్రతిసారీ మీ పాతది నాకు, నా పాతది అత్తయ్యకు. మనింట్లో అదొక ఆచారమైపోయింది. నాకిచ్చిన ఫోన్‌కి ముందు కెమెరా, వెనక కెమెరా రెండింటి నిండా గీతలే. రేవులో వేలంపాటలో చేపలు కొని, గుడివాడ హోటళ్లకు ఫోటోలు పెట్టి అమ్ముకునేదాన్ని నేను. చేప తాజాదో కాదో కన్ను చూసే చెప్తారు. నా ఫోటోల్లో ప్రతి చేపకీ కన్ను మసకే. పోయిన వారం హోటల్ నడిపే రేవతి గారు "నిన్నటి సరుకు అంటగడతావా సుమలతా? ఇక పంపొద్దు" అనేశారు. అప్పుడే పడవ దిగిన పండుగప్ప అది. మీతో చెప్పుకుంటే "చేపలకి ఫోటోలు తీయడానికి మంచి ఫోనెందుకే?" అన్నారు. ఆ మాట నేను మర్చిపోలేదు.

ఇప్పుడు మీ ఫోన్ కాలవలో పడిందని, రెండు రకాలు పోల్చి చూసి మంచిది కొనమని నాకే పురమాయించారు. చూశాను. ఒక పండుగప్పని కోదండరామయ్య గారి ఫోన్ల కొట్టుకి పట్టుకెళ్లి గాజుబల్ల మీద పెట్టాను. "ఇదేంటమ్మా, కొట్టంతా నీచు వాసన" అని ఆయన లబోదిబోమన్నారు. "కడిగి పెడతాను లెండి బాబాయి గారూ, ముందు ఆ రెండూ ఇటివ్వండి" అన్నాను. మీరు మోజుపడ్డ ఫోన్లో చేప పెళ్లికూతురిలా మెరిసింది, లేని ఎరుపు కూడా వచ్చింది. రెండోదాంట్లో కన్ను ఉన్నది ఉన్నట్టు కనిపించింది. రెండోదే కొన్నాను, నాకోసం.

నా పాతది ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఈసారి మీరు వాడండి.

మీ
సుమలత

గిలకలదిండి,
జూలై 19

ప్రియమైన శ్రీవారికి,

మీ జవాబు అందింది. ఆ ఫోన్ మీ ముఖం గుర్తుపట్టక ఆఫీసు యాప్‌లో హాజరు పడట్లేదని, మీ పైఆఫీసరు పిలిచి నిలదీశారని చదివి పడీపడీ నవ్వాను. తగిన శాస్తి. రేవతి గారు మళ్లీ నా దగ్గరే చేపలు తీసుకుంటున్నారు.

మొన్న ఫోన్లో "అమ్మెందుకు ఏడుస్తోంది?" అని అడిగారు. తర్వాత రాస్తానని పెట్టేశాను. అత్తయ్య చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నారండి. "ఏడాదిగా ఫోన్లో నా బిడ్డ బెన్నీ మాట వినపడట్లేదమ్మా. చెవుడొచ్చేసింది నాకు. మీకు భారమని చెప్పలేదు" అన్నారు. డాక్టరు చూసి, చెవులు శుభ్రంగా ఉన్నాయన్నారు. బయటికొచ్చి నా కొత్త ఫోన్ నుంచి మీకు కలిపిచ్చాను. మీ గొంతు వినగానే ఆవిడ మెట్ల మీద కూలబడిపోయి ఏడ్చారు.

ఏడాది కిందట ఆవిడకిచ్చిన నా పాత ఫోన్లో అవతలి మాట సరిగ్గా వినపడదని నాకు ముందే తెలుసు. తెలిసే ఇచ్చాను. ముసలావిడకి ఏదైతేనేం అనుకున్నాను. మీరు నా ఎదుటే అన్నారు, నేను మనసులో అనుకున్నాను, అంతే తేడా.

ఆటోలో అంతా ఒప్పేసుకున్నాను. "పోన్లేమ్మా, చెవులు బాగున్నాయిగా" అని నా చెయ్యి పట్టుకున్నారు. రేపు ఆవిణ్ణి కొట్టుకి తీసుకెళ్లి, నచ్చిన కొత్త ఫోన్ ఆవిడనే ఎంచుకోమంటాను.

అత్తయ్య నన్ను అంత తొందరగా క్షమించేశారు. నాకంత మంచితనం లేదండి. మీరింకా కొన్నాళ్లు ఆ పాత ఫోనే వాడండి.

మీ
సుమలత